కొత్త పంజరంలో చిలక



ఈ పూట చెప్పబోయే సంగతి విని, ‘నారుమళ్లూ పాడిపశువులూ విడిచిపెట్టి ఈయన చిలకల మీద పడ్డాడేమిటి?’ అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి గాని, ఒకసారి మీ ఊళ్లోనే నాలుగు వీధులు తిరిగి చూడండి. పట్నంలో చదువుకునే పిల్లలు సెలవులకు వస్తూ వస్తూ ఒక చిన్న తీగల పంజరమూ, అందులో పచ్చనివో నీలంవో రెండు బుల్లి చిలకలూ పట్టుకొస్తున్నారు. సెలవులు కాగానే పిల్లలు వెళ్లిపోతారు, పిట్టలు మాత్రం అమ్మమ్మ వసారాలో ఉండిపోతవి. కొన్నాళ్లకు, ‘పాపం, ఇరుకులో మగ్గిపోతున్నవి’ అని ఇంట్లోవాళ్లు పెద్ద పంజరం కొంటారు, లేదా ఊళ్లో వెల్డింగు కొట్టతనిచేత జాలితో కట్టిస్తారు. మంచి ఉద్దేశమే. పిట్టలను గుప్పిట పట్టి అందులో వేస్తారు, గిన్నె నిండా గింజలు పోస్తారు. మూడోనాడు పొద్దున లేచి చూస్తే ఒకటి అడుగున పడి ఉంటుంది. తిండి ఉన్నది, నీళ్లున్నవి, పిల్లి ముట్టుకోలేదు. మరి ఎందుకు పోయింది? ఇల్లంతా ఇదే ప్రశ్న. ఈవేళ మనం చెప్పుకోబోయేది ఆ మూడు రోజుల సంగతే.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక హెచ్చరిక. చిలక అనగానే మనకు రామచిలక గుర్తుకొస్తుంది. పచ్చని ఒళ్లు, ఎర్రని ముక్కు, మగదానికైతే మెడచుట్టూ నలుపూ గులాబీ కలిసిన పట్టీ. తాటిమోడు తొర్రలోనుంచి పిల్లలను దింపి, ఇంటికి తెచ్చి, జామపండు పెట్టి సాకడం మన పల్లెల్లో తాతలనాటి అలవాటు. ఇప్పుడది నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలకలను పట్టరాదు, అమ్మరాదు, పంజరంలో ఉంచరాదు. 2022లో ఆ చట్టాన్ని సవరించి జుర్మానాలు పెంచారు కూడా. ‘జొన్నచేలో వాలి సగం కంకులు కొరికి పారేసే పిట్టకు ఇంత మర్యాదేమిటండీ’ అని ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు. ఆయన కడుపుమంట న్యాయమైనదే. కాని చేలోనుంచి తోలుకోవడం వేరు, ఇంట్లో బంధించడం వేరు. ఒకవేళ మీ ఇంట్లో ఏళ్ల తరబడి రామచిలక ఉన్నదనుకోండి. ఈ మాట విని భయపడి, తలుపు తీసి గాలిలోకి వదిలెయ్యకండి. చేత్తో పెట్టింది తిని పెరిగిన పిట్టకు మేత వెతుక్కోవడం రాదు, గద్ద వస్తే ఎక్కడ దాగాలో తెలియదు. అటవీశాఖ కార్యాలయానికి కబురు చేసి వారికి అప్పగించండి.

అంచేత ఈ ప్రసంగంలో చిలక అన్నప్పుడల్లా, పంజరాల్లోనే పుట్టి పెరిగిన విదేశీ జాతి చిలకలని అర్థం చేసుకోండి. మన సంతల్లో, దుకాణాల్లో ‘లవ్ బర్డ్స్’ అని అమ్మే బుల్లి పిట్టల్లో చాలామట్టుకు నిజంగా లవ్ బర్డ్స్ కావు. అవి బడ్జరిగర్లు. ఆస్ట్రేలియా దేశపు పిట్టలు. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వాటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకువెళ్లాడు. అక్కడినుంచి లోకమంతా పాకినవి. అసలైన లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. తలమీద కుచ్చు, బుగ్గమీద నారింజరంగు బొట్టు ఉన్న కాకటీల్ కూడా ఆస్ట్రేలియాదే. వీటిని పెంచుకోవచ్చు. ఆఫ్రికా బూడిదరంగు చిలకలాంటి పెద్దజాతులను పెంచేవారు మాత్రం, 2024లో కేంద్రప్రభుత్వం తెచ్చిన నియమాల ప్రకారం, వాటిని నమోదు చేయించుకోవాలి.

ఇక కొత్త పంజరమంటే చిలక ఎందుకు బెదురుతుంది?

మీరు సంతలో గేదెను కొన్నప్పుడు ఏం చేస్తారు? తెలిసిన రైతయితే అమ్మినవాణ్ణి అడుగుతాడు: ‘ఏం మేపుతున్నావయ్యా, తవుడా, తెలగపిండా, ఎన్ని పూటలు?’ అని. రెండు మోపులు అలవాటైన మేత కూడా వెంట తెచ్చుకుంటాడు. ఎందుకంటే కొత్తచోటికి వచ్చిన గేదె రెండు మూడు రోజులు బిక్కచచ్చినట్టు నిలబడుతుంది, పాలు ఎగబెడుతుంది. అంత పెద్ద పశువుకే ఆ బెదురు ఉన్నప్పుడు, ముప్ఫై నలభై గ్రాముల పిట్ట సంగతి చెప్పాలా?

బడ్జరిగర్లు పుట్టినదేశంలో మెట్టభూముల మీద గుంపులు గుంపులుగా తిరుగుతూ గడ్డిగింజలు ఏరుకు తింటవి. పైన డేగ ఉంటుంది, కింద పాము ఉంటుంది. నిన్న లేనిది ఇవాళ కనిపిస్తే దాన్ని అనుమానించిన పిట్ట బతికింది, అనుమానించనిది ఆహారమైపోయింది. అలా బతికినవాటి సంతానమే మీ వసారాలో ఉన్నది. మీరు పెట్టిన ఎర్రని కొత్తగిన్నె దానికి అలంకారంగా కనిపించదు. అదేమిటో తేలేదాకా దూరంగా ఉండవలసిన వస్తువుగా కనిపిస్తుంది. పాత పంజరం ఎంత ఇరుకైనదైనా, ఏ కర్ర ఎక్కడున్నదో, నీళ్లెటు, గింజలెటు, ఇదంతా దానికి కంఠోపాఠం. చీకట్లో కూడా తడబడదు. ‘పెద్దది ఇచ్చాం గదా, సంతోషిస్తుంది’ అని మనం అనుకునేచోట దాని లెక్క వేరు: తెలిసిన చోటంతా ఒక్కసారి మాయమైంది.

కాబట్టి చెయ్యవలసింది ఏమంటే, పంజరం మారినప్పుడు తక్కినవేవీ మారకుండా చూడటం. అవే గింజలు, అదే గిన్నె, అదే వేళ, వీలైతే అదే గోడ. ఒక్కసారికి ఒక్క మార్పు. పంజరం మార్చి, పనిలో పనిగా మేత మార్చి, వసారాలోనుంచి నడవలోకి చోటు మార్చి, తోడుకు ఇంకో పిట్టను కూడా తెస్తే, ఆ పిట్ట దేనికి అలవాటు పడాలో తెలియక మూల ముడుచుకు కూర్చుంటుంది.

పంజరం విషయమే కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఇక్కడ చాలామంది మోసపోతున్నారు. బజారులో గుండ్రంగా, గోపురంలాగా, ఎత్తుగా ఉండే పంజరాలు కంటికి బాగుంటవి. చిలక మాత్రం అడ్డంగా ఎగిరే పక్షి, బావిలో చేదలాగా పైకీ కిందికీ పొయ్యేది కాదు. కనుక ఎత్తుకన్నా పొడవు ముఖ్యం. ఒక జత బడ్జరిగర్లకు రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే సుఖంగా ఉంటవి. ఊచకూ ఊచకూ మధ్య సందు అరంగుళం మించకూడదు. కాకటీలుకు ముప్పాతిక అంగుళం దాకా ఫరవాలేదు. సందు ఎక్కువైతే తల దూరుస్తుంది, తిరిగి తియ్యలేదు.

జాలితో కట్టించేవారు ఇది తప్పక వినండి. మనకు కోళ్లగూళ్లకు వాడే జాలికి తుత్తునాగం పూత, అంటే జింకుపూత ఉంటుంది. కోడికి ఆ జాలితో అంత పని లేదు. చిలకకు ముక్కే మూడో కాలు. ఊచలను ముక్కుతో పట్టుకుని ఎక్కుతుంది, రోజంతా కొరుకుతుంది. కొత్తజాలి మీద అక్కడక్కడ పూత బొట్లుబొట్లుగా గడ్డకట్టి ఉంటుంది, తెల్లని పొడి కూడా ఉంటుంది. అవి పొట్టలోకి పోతే విషం. పిట్ట నీరసిస్తుంది, కక్కుతుంది, రెట్ట పల్చబడుతుంది, కొన్నాళ్లకు పోతుంది. చాలామంది దాన్ని దిగులు కిందో దిష్టి కిందో కట్టేస్తారు. అంచేత అలాంటి జాలి వాడక తప్పకపోతే, పంజరం కట్టించగానే వెనిగరూ తీగల బ్రష్షూ తీసుకుని ప్రతి కణుపూ బాగా రుద్ది, గడ్డకట్టిన బొట్లు రాలగొట్టి, మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, కొన్ని వారాలపాటు ఎండలో వానలో బయట పెట్టండి. మళ్లీ రుద్ది కడగండి. అయినా ప్రమాదం తగ్గుతుందేగాని పూర్తిగా పోదు. చేతిలో డబ్బు ఆడితే స్టెయిన్‌లెస్ స్టీలు ఊచల పంజరమే మేలు. ఒకసారి కొంటే మీ మనవల కాలందాకా ఉంటుంది. సీసంతో మాటు వేసిన పాత పంజరాలు, పెచ్చులూడే పాతరంగు పూసినవి అసలు వద్దు.

కూర్చునే కర్రల విషయం మనకు తేలిక. దుకాణం కర్రలన్నీ ఒకే లావున నున్నగా ఉంటవి. రోజంతా ఒకే లావు కర్ర పట్టుకుంటే పాదం ఒకేచోట ఒరుసుకుని పుండు పడుతుంది. మీ పెరట్లో జామచెట్టు ఉంటే చిటికెనవేలు లావునుంచి బొటనవేలు లావుదాకా వంకరటింకర కొమ్మలు నాలుగు కోసి, కడిగి, ఎండబెట్టి అమర్చండి. బెరడు ఉంచండి, ఒలుచుకోవడం దానికి పని, కాలక్షేపం. మందు కొట్టిన తోటలో కొమ్మ మాత్రం తేవద్దు. గన్నేరు కొమ్మ ఎన్నడూ పెట్టవద్దు, ఆకునుంచి బెరడుదాకా అంతా విషమే.

సరే, పంజరం సిద్ధమైంది. పిట్టను వెయ్యడమేనా? కాదు. ఖాళీ పంజరాన్ని పాత పంజరానికి రెండు మూడు గజాల దూరాన పెట్టండి. రెండు రోజులు చూడనివ్వండి. చిలక మెడ సాచి, ఈకలు ఒంటికి అంటుకుపోయేలా బిగించి, కదలకుండా నిక్కి చూస్తుంటే అది భయం. కాకటీలైతే తలమీది కుచ్చు నిటారుగా లేస్తుంది, లేదా వెనక్కి పూర్తిగా అణిగి బుస్సుమంటుంది. దూరం ఇంకొంచెం పెంచండి. ఈకలు వదులు చేసి, ఒళ్లు దులుపుకుని, తన పని తాను చూసుకుంటుంటే దగ్గరికి జరపండి. అలా జరిపి జరిపి నాలుగైదు రోజుల్లో రెండు పంజరాలూ ఒకదానికొకటి ఆనించండి. కొన్ని పిట్టలకు ఇదంతా రెండు రోజుల్లో తెమిలిపోతుంది. కొన్నిటికి రెండు వారాలు పడుతుంది. తొందరపడితే మనకే నష్టం.

తరువాత రెండు తలుపులూ ఎదురెదురుగా తెరిచి, సందు లేకుండా తీగతో కట్టండి. ఇల్లు మూసి, పంకా ఆపిన తరువాతే ఈ పని చెయ్యాలి. తిరిగే పంకా కింద ఎగిరిన పిట్ట సంగతి చెప్పనక్కర లేదు. కిటికీలోనుంచి బయటపడ్డదాన్ని కాకులు సాయంత్రందాకా బతకనివ్వవు. కొత్త పంజరంలో తలుపుకు దగ్గరగా ఒక కంకి కట్టండి.

ఏ కంకి? ఇక్కడే మన రైతుకు గర్వంగా ఉండే మాట ఒకటి ఉన్నది. పట్నపు దుకాణాల్లో, పై దేశాల్లో చిలకలకని రంగు కాగితాల్లో చుట్టి ఖరీదుకు అమ్మే కంకి ఏదో కాదు, మన కొర్రకంకే. రాయలసీమ మెట్టల్లో పండే కొర్ర. లోకంలో చిలకలు పెంచేవాళ్లంతా భయపడ్డ పిట్టను మచ్చిక చేసుకోవడానికి దీన్నే వాడతారు. మీ చేలో ఉంటే, పురుగుమందు తగలనిది, బూజు పట్టనిది చూసి కోతల్లో నాలుగు గుత్తులు నీడన ఆరగట్టి ఉంచుకోండి. కొర్ర లేనిచోట సజ్జకంకి పనిచేస్తుంది. రోజూ కంకే పెడితే తక్కిన మేత మానేస్తుంది గనుక, ఇలాంటి అవసరాలకు దాచుకోవడం మంచిది.

పిట్ట కంకి కోసం తల దూర్చి, రెండు గింజలు ఒలిచి, వెనక్కి పారిపోతుంది. పోనివ్వండి. మళ్లీ వస్తుంది. రెండోపూటకు లోపల కూర్చుని తింటుంది. తలుపు అప్పుడే మూసెయ్యకండి. తనంతట తాను రెండు మూడుసార్లు రాకపోకలు చేసిన తరువాత, పాత కర్రలూ, పాత గిన్నెలూ, అది రోజూ గంట కొట్టే ఆటబొమ్మ ఉంటే అదీ కొత్త పంజరంలోకి మార్చండి. పాతదానిలో ఏ మూల ఏది ఉండేదో ఇందులోనూ ఆ మూలనే పెట్టండి.

ఇంత ఓపిక పట్టడానికి వీలులేని సందర్భాలూ ఉంటవి. పాత పంజరం విరిగిపోతుంది, లేదా దుకాణంనుంచి అట్టపెట్టెలో పిట్టను తెస్తారు. అప్పుడు ఆ పని పొద్దున పూట చెయ్యండి. సాయంత్రం మార్చకండి. పొద్దుననైతే వెలుతురున్నంతసేపూ తిరిగి, కర్రలూ గిన్నెలూ ఎక్కడున్నవో చూసుకుని, తిని, తరువాత చీకటి చూస్తుంది. మచ్చికైన పిట్టయితే వేలిమీద ఎక్కించుకుని లోపల దింపవచ్చు. కానిదాన్ని పట్టుకోవాలంటే తలుపులు కిటికీలు మూసి గది మసక చెయ్యండి. కోడిని గూట్లో చీకట్లో పట్టుకున్నంత తేలికగా దొరుకుతుంది. మెత్తని గుడ్డతో వెనకనుంచి చుట్టి పట్టుకోవాలి. ఇందులో ఒక ప్రాణాపాయం ఉన్నది. మనకు ఊపిరికి పొట్ట పైన ఒక పొర సాయం చేస్తుంది. పక్షికి ఆ పొర లేదు. రొమ్ము ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. గుప్పిట బిగించి రొమ్ము నొక్కితే, కరవకుండా పట్టుకున్నామని మనం అనుకుంటుండగానే చేతిలోనే పోతుంది. తలను రెండు వేళ్ల మధ్య నిలిపి, ఒంటిమీద పట్టు వదులుగా ఉంచండి. చిన్నపిల్లలచేత ఈ పని చేయించకండి.

ఇప్పుడు ఆ మూడు రోజుల సంగతి.

చిలక గింజను మింగదు. ముక్కులో తిప్పి, పొట్టు ఒలిచి, పప్పు మాత్రమే తిని, పొట్టును మళ్లీ గిన్నెలోనే రాలుస్తుంది. అంచేత రెండు రోజుల నాటి గిన్నె చూడటానికి నిండుగానే ఉంటుంది. నిండుగా ఉన్నది గదా అని మనం మళ్లీ పొయ్యం. పైన ఉన్నదంతా పొట్టు. అడుగున గింజలున్నా, బెదిరిన పిట్ట పొట్టును తవ్వుకుని తినదు. తూర్పారపట్టిన మనిషికి పొట్టేదో గింజేదో ఒకరు చెప్పాలా? రోజూ ఉదయం గిన్నె బయటికి తీసి నోటితో ఊదండి. ఎగిరిపోయేది పొట్టు, నిలిచేది మేత. కొత్త పంజరంలో వేసిన రోజున ఈ ఊదడం మరీ ముఖ్యం, ఎందుకంటే పిట్ట తిన్నదీ లేనిదీ చెప్పే సాక్ష్యం ఆ పొట్టు ఒక్కటే. ఊదితే ఏమీ ఎగరలేదంటే, ఒక్క గింజ కూడా ఒలవలేదన్నమాట.

రెండో సాక్ష్యం రెట్ట. అడుగున వార్తాపత్రిక కాకుండా తెల్లకాగితం పరచండి. బాగా తినే పిట్ట రెట్టలో పచ్చనో గోధుమరంగో చిన్న చుట్ట, దానిమీద తెల్లసున్నంలాంటిది, కాస్త నీరు, మూడూ కనిపిస్తవి. తిండి మానినదానికి రెట్టల సంఖ్య తగ్గి, చుట్ట సన్నబడి ముదురు పచ్చగానో నల్లగానో మారుతుంది. మూడో సాక్ష్యం తూకం. గ్రాములు చూపే చిన్న త్రాసు ఇప్పుడు కిరాణా కొట్లలో కూడా ఉంటున్నది. పంజరం మార్చేముందు ఒకసారి తూచి రాసిపెట్టుకోండి. నలభై గ్రాముల పిట్ట నాలుగు గ్రాములు తగ్గిందంటే, అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టు.

పొద్దున వేసిన పిట్ట మధ్యాహ్నందాకా ఏమీ తినకపోయినా కంగారుపడవద్దు. దూరంగా ఉండి చూడండి. పదిమంది చుట్టూ చేరి ‘తిను, తిను’ అంటే అసలు తినదు. ఈ పిట్టలు నేలమీద ఏరుకు తినే జాతి గనుక, కాగితం మీద గుప్పెడు గింజలు చల్లండి. గిన్నెను నమ్మనిది నేలను నమ్ముతుంది. అప్పుడే పొదిగిన కోడిపిల్లలకు మన ఆడవాళ్లు నూకలు చల్లి వేలితో టక్‌టక్‌మని కొట్టి చూపిస్తారు చూడండి, ఆ చిట్కా ఇక్కడా పనిచేస్తుంది. గుంపులో బతికే పక్షికి పక్కన ఎవరో ఏరుకుంటున్న చప్పుడు వింటే, అపాయం లేదన్నమాట అని ధైర్యం కలుగుతుంది. మీ భోజనం పళ్లెం తెచ్చుకుని పంజరం దగ్గరగా కూర్చుని మీ మానాన మీరు తిన్నా మంచిదే.

పొద్దుగుంకేవేళకు కూడా ఊదితే పొట్టు లేవలేదనుకోండి. పంతం పట్టవద్దు. పాత పంజరం ఉంటే అందులోకే పంపండి, తిని పడుకోనివ్వండి, రేపు మళ్లీ చూసుకోవచ్చు. ‘ఆకలైతే అదే తింటుంది’ అన్నమాట పశువు దగ్గర చెల్లుతుందేమో గాని, ఇంత చిన్న ఒంట్లో నిలవ ఉండే శక్తి ఒక పగలూ ఒక రాత్రికి మించదు. ఆకలి ముదిరేకొద్దీ నీరసం వస్తుంది, నీరసంలో తినడం అసలే మానుతుంది. పాత పంజరంలో కూడా తినక, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని, ఊపిరితోపాటు తోక పైకీ కిందికీ ఊగుతూ కూర్చుంటే, అది బెదురు కాదు, జబ్బు. వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. తిరుపతి, గన్నవరం, హైదరాబాదు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలు దగ్గరలో ఉన్నవారు అక్కడికే పోవచ్చు.

రాత్రి సంగతి మరిచిపోకూడదు. కొత్త పంజరంలో మొదటి రాత్రి ఏ బల్లి పాకినా, మోటారుసైకిలు లైటు గోడమీద పడినా, పిట్ట ఉలిక్కిపడి గుడ్డిగా ఎగిరి ఊచలకు కొట్టుకుంటుంది. కాకటీళ్లకు ఈ లక్షణం మరీ ఎక్కువ. రెక్క ఈకలు విరిగి నెత్తురు కారిన సందర్భాలున్నవి. నాలుగు రోజులపాటు గదిలో గుడ్డిదీపమంత వెలుతురు ఉంచండి. పంజరానికి వెనకా ఒక పక్కా పల్చని పాతచీర కప్పితే, దాక్కోవడానికి ఒక మూల ఉన్నదన్న ధీమా దానికి ఉంటుంది. నాలుగువైపులా తెరుచుకుని మధ్యగదిలో వేలాడే పంజరంలో ఏ చిలకా తొందరగా కుదుటపడదు. ఒక వైపన్నా గోడ ఆనాలి, మన కంటి ఎత్తున ఉండాలి. వంటింట్లో పెట్టవద్దు, పొగ ఒకటి, ఇప్పుడు వచ్చిన నాన్‌స్టిక్ పెనాలు మాడితే వచ్చే ఆవిరి ఇంకొకటి. ఆ ఆవిరి మనకు తెలియను కూడా తెలియదు, పిట్ట నిమిషాల్లో పోతుంది. వేసవిలో రేకుల కింద వద్దు. చీమలు పట్టకుండా, అటక మీది ఆవకాయ జాడీకి చేసినట్టే, పంజరం కాళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టండి; చీమలమందు ముగ్గు వెయ్యకండి.

కోళ్లున్న ఇంటివారికి ఒక మాట. చోటు కలిసివస్తుందని చిలక పంజరాన్ని కోళ్లగూటి చూరుకు వేలాడదీస్తున్నారు. కొక్కెర తెగులు చిలకలకూ వస్తుంది, వాటినుంచి కోళ్లకూ అంటుతుంది. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియాలో 1971లో వచ్చిన పెద్ద కొక్కెర తెగులుకు పైదేశంనుంచి తెచ్చిన పెంపుడు పక్షులే మూలమని తేలింది. అది ఆగేటప్పటికి కోటిమందికి, అంటే కోటి సంఖ్యకు పైగా పక్షులను చంపవలసివచ్చింది. మీ ఇరవై కోళ్లూ మీకు ఆ కోటితో సమానం. కొత్త పిట్టను కనీసం నెల్లాళ్లు కోళ్లకు దూరంగా, వేరే గదిలో ఉంచండి. ఒకదానికి మేత వేసిన చేతులు కడుక్కుని గాని రెండోదాని దగ్గరికి పోకండి. ఎండిన రెట్ట దుమ్ము మనుషుల ఊపిరితిత్తులకూ మంచిది కాదు. అడుగు రేకు గీకేముందు నీళ్లు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

కుదుటపడ్డదని ఎలా తెలుస్తుంది? ఒంటికాలి మీద నిలబడి, రెండోకాలు ఈకల్లో దాచుకుని, ముక్కును కరకరమని నూరుకుంటూ కునుకు తీస్తుంటే ఇక మీరు నిశ్చింతగా ఉండవచ్చు. జతలో ఒకటి ముందు కుదుటపడితే రెండోది దాన్ని చూసి తొందరగా దారికొస్తుంది. అందుకని జతను విడదీసి ఒక్కొక్కటిగా మార్చకండి.

పాత పంజరాన్ని ఏం చెయ్యాలని అడుగుతారు. పిల్లలు ఇంకో పిట్టను తెస్తామంటారు, మీరు మాత్రం దాన్ని అప్పుడే ఎవరికీ ఇచ్చెయ్యకండి. సబ్బునీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, అటక మీద పెట్టండి. పండగకు ఇంటికి సున్నం వేసిన రోజున, పిట్టకు జబ్బు చేసి డాక్టరు దగ్గరికి బస్సులో తీసుకుపోవలసిన రోజున, దానికి తెలిసిన ఇల్లు అదొక్కటే సిద్ధంగా ఉంటుంది. ఏడాదికి రెండు మూడుసార్లు కిందికి దింపి, లోపల ఒక కొర్రకంకి కట్టి, తలుపు తెరిచి పక్కన పెడుతూ ఉండండి.